పొగ మిగల్చని పత్తి

మెజీషియన్ చేతిలో పల్చటి కాగితం ముక్క. నిప్పు తగలగానే భగ్గుమని వెలిగి రెప్పపాటులో మాయమవుతుంది. కింద బూడిద రాలదు, పైన పొగ లేవదు. ఫ్లాష్ పేపర్ అనే ఆ కాగితం అచ్చంగా నైట్రోసెల్యులోజ్. ఆమ్లాల్లో నానిన మామూలు పత్తి, కాగితాల నుంచే ఇది పుడుతుంది.

దీపావళి మందు పక్కన పెట్టి చూస్తే దీని గొప్పతనం తెలుస్తుంది. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపి నూరిన నల్లటి మందు కాలాక దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలిపోతుంది. మన వీధుల్లో కమ్ముకునే పొగలో ఎక్కువ భాగం అదే. నైట్రోసెల్యులోజ్ మాత్రం దాదాపు మొత్తం వాయువైపోతుంది. మండడానికి కావలసిన ఆక్సిజన్‌లో చాలా భాగం దాని అణువులోనే ఉంటుంది. దీనితోనే తయారైన పాతకాలపు సినిమా రీలు ఒకసారి అంటుకుంటే నీళ్లలో ముంచినా మండుతూనే ఉండేది.

అమెరికాలో బాణసంచా తయారీని హాబీగా పెట్టుకున్నవాళ్లున్నారు. 1969లో పుట్టిన పైరోటెక్నిక్స్ గిల్డ్ ఇంటర్నేషనల్ వాళ్ల సంఘమే. ఈ హాబీలో నైట్రోసెల్యులోజ్‌కి మందుగా కంటే జిగురుగానే ఎక్కువ పని. మందు ముద్ద కట్టాలంటే గంజి చాలు. కానీ మెగ్నీషియం లాంటి లోహపు పొడులకు తడి పడదు. అలాంటిచోట నైట్రోసెల్యులోజ్ కరిగిన లాకర్ వాడతారు. వత్తి ఊడకుండా అంటించడానికీ, చెమ్మ తగలకుండా పూత పూయడానికీ అదే. గోళ్ల రంగు సీసాలో ఉండేదీ దాదాపు ఈ సరుకే. పింగ్‌పాంగ్ బంతులు కూడా 2014లో పోటీల్లోకి ప్లాస్టిక్ బంతి వచ్చేదాకా దీని నుంచి తయారైన సెల్యులాయిడ్‌వే.

ఇంత ముచ్చటైన పదార్థం మొదట్లో ఎన్నో ప్రాణాలు తీసింది. బాసెల్‌లో రసాయనశాస్త్రం చెప్పే క్రిస్టియన్ ఫ్రీడ్రిక్ షోన్‌బైన్ 1846లో దీన్ని ప్రకటించాడు. మరుసటి ఏడాది జులైలో ఇంగ్లండ్‌లోని ఫావర్షామ్‌లో దీన్ని తయారుచేసే కర్మాగారం పేలిపోయి 20 మంది దాకా చనిపోయారు. ఫ్రాన్స్‌లోనూ పేలుళ్లు జరిగాయి. పత్తిపోగు లోపల బోలుగా ఉంటుంది. ఆ సందులో ఆమ్లం చిక్కుకుంటే పైపైన ఎంత కడిగినా వదలదు. మిగిలిన ఆ కాస్త ఆమ్లమే పదార్థాన్ని లోలోపల కొరుకుతుంది. ఆ క్రమంలో వేడి పుడుతుంది, ఇంకా ఆమ్లం పుడుతుంది, కొరకడం మరింత జోరందుకుంటుంది. చివరికి ఎవరూ ముట్టించకుండానే అంటుకుంటుంది.

దీనికి విరుగుడు చూపినవాడు బ్రిటిష్ రసాయనశాస్త్రవేత్త ఫ్రెడరిక్ ఏబెల్. పోగుల్ని గుజ్జుగా నలగ్గొట్టి, మళ్లీ మళ్లీ కడిగే పద్ధతికి 1865లో పేటెంటు పొందాడు. పందొమ్మిదేళ్ల తర్వాత ఫ్రాన్స్‌లో పాల్ వియేల్ దీనితో పొగలేని తుపాకీ మందు చేశాడు. నీలగిరుల్లోని అరువంకాడులో అలాంటి పొగలేని మందు చేసే కార్డైట్ ఫ్యాక్టరీ వెలసిందీ ఆ దారిలోనే. కనిపెట్టినవాడి కంటే కడగడం నేర్పినవాడికే ఈ కథలో పెద్దపీట వేయాలంటాను.

ఇంట్లో ప్రయోగాలు చేయాలని ఉబలాటపడే కుర్రాళ్లు ముఖ్యంగా తెలుసుకోవలసింది ఇదే. బాగా కడిగిందీ, ఆమ్లం మిగిలిందీ కంటికి ఒకేలా తెల్లగా, పొడిగా కనిపిస్తాయి. కర్మాగారంలో నమూనాను వేడిచేసి, దాని ఆవిరికి పరీక్ష కాగితం ఎంతసేపట్లో రంగు మారుతుందో చూస్తారు. ఇంటి డాబా మీద ఆ పరీక్ష ఎవరు చేస్తారు? లైసెన్సు లేకుండా బాణసంచా తయారుచేయడం మన దేశంలో నేరం కూడా.

సరిగ్గా కడిగిన సరుకునైనా పొడిగా వదిలేయకూడదు. నీళ్లతోనో ఆల్కహాల్‌తోనో తడిపి డ్రమ్ముల్లో ఉంచుతారు. 2015 ఆగస్టు 12న చైనాలోని టియాన్‌జిన్ రేవులో ఆ తడి ఆరిపోయింది. ఎండ వేడికి నైట్రోసెల్యులోజ్ దానంతటదే అంటుకుంది, మంట పక్కనున్న రసాయనాలకు పాకింది. గల్లంతైనవారితో కలిపి 173 మంది పోయారు. వారిలో మంట ఆర్పడానికి పరుగెత్తుకొచ్చిన ఫైర్ సిబ్బందే ఎక్కువమంది.

ఈ హాబీలో జాగ్రత్త తెలిసినవాళ్లు లాకర్‌ను రెడీమేడ్‌గానే కొంటారు, అవసరమైనంతే ఉంచుకుంటారు. పాత సెల్యులాయిడ్ వస్తువు పసుపు తిరిగి, ఘాటైన ఆమ్లపు వాసన కొడుతోందంటే అది విడిపోవడం మొదలైనట్టే. దాన్ని బీరువాలో దాచరు.