కంప్యూటరు గది గుమ్మంలో కాపలా

మీ సైన్సు టీచరు రొమ్ము కాన్సరును గురించి ఒక పేజీ రాసుకు రమ్మన్నారనుకోండి. మీరు బడిలో కంప్యూటరు ముందు కూర్చుని ఆ మాటలు కొట్టారు. వ్యాసం రాలేదు. 'ఈ పుట చూడడానికి అనుమతి లేదు' అన్న వాక్యం మాత్రం తెరమీద కనిపించింది. మీరేం తప్పు చేశారు? ఏమీ చేయలేదు. తప్పు కాపలావాడిది. అతగాడు మనిషి కాడు, ఒక యంత్రం.

బడిలోని కంప్యూటర్లన్నీ సాధారణంగా ఒకే గుమ్మం గుండా ఇంటర్నెట్‌లోకి వెళతాయి. ఆ గుమ్మంలో కాపలా కాసే యంత్రాన్ని ఫైర్‌వాల్ అంటారు. వచ్చేపోయేవాటిని అది ఎలా గుర్తుపడుతుందో చూద్దాం.

మీరు సైటు పేరు కొడతారు గాని, కంప్యూటర్లు ఒకదాన్నొకటి పిలుచుకునేది అంకెలతో. పేరు చెబితే అంకె చెప్పే ఏర్పాటును 1983లో రూపొందించారు. దాని పేరు డీఎన్ఎస్. టెలిఫోను డైరెక్టరీ లాంటిదన్నమాట. బడివారు తమ డైరెక్టరీలో ఒక పేరు కొట్టివేస్తే ఆ సైటుకు దారి దొరకదు. మరి అంకె ముందే తెలిసినవాడికి డైరెక్టరీతో పనేముంది? అందుకని అంకెలనూ ఆపుతారు. ఇక్కడొక చిక్కుంది. ఒకే అంకె మీద వందలాది సైట్లు వుండడం మామూలే. ఒకదాన్ని ఆపబోతే ఏ పాపమూ ఎరుగని మిగతావీ ఆగిపోతాయి!

ఇక కబుర్ల సంగతి. ప్రతి కంప్యూటరుకూ 0 నుంచి 65,535 దాకా నెంబర్లున్న తలుపులుంటాయి. వీటినే పోర్టులంటారు. వెబ్ పుటలు వచ్చేది 80, 443 తలుపుల్లోంచి. 1997లో వచ్చి 2017లో మూతపడిన ఏఓఎల్ మెసెంజరు 5190 తలుపు వాడేది. యాహూ మెసెంజరుది 5050. ఆ తలుపులు మూసేస్తే కబుర్లు బందు అనుకున్నారు బడివారు. కాని ఆ ప్రోగ్రాములు గడుసువి. తమ తలుపు మూసివుంటే 80లోంచి దూరేవి. దాన్ని మూస్తే పాఠాలూ రావు కదా! ఈనాటి మెసెంజర్లలో చాలావాటికి 443 తలుపే రాజమార్గం.

పేర్లూ, తలుపులూ చాలక మాటలను చూసి ఆపడం మొదలుపెట్టారు. అసలు తమాషా ఇక్కడే వుంది. 'సారా' అన్న మాట వున్న పుటలన్నీ ఆపమని యంత్రానికి చెప్పామనుకోండి. మీ తెలుగు పాఠాల 'సారాంశం' కూడా ఆగిపోతుంది! యంత్రం అక్షరాలు పోల్చుతుందే గాని అర్థం చూడదు. ఇది వట్టి ఊహ కాదు. ఇంగ్లండులో స్కంథార్ప్ అనే పట్టణం వుంది. ఆ పేరు మధ్యలో నాలుగు అక్షరాలు ఇంగ్లీషులో ఒక బూతుమాట. 1996లో అమెరికా ఆన్‌లైన్ కంపెనీ యంత్రం ఆ ఊరివాళ్ళను సభ్యులుగా చేర్చుకోలేదు.

అయితే కాపలా ఎంత గట్టిగా వుండాలి? అమెరికాలో 2000 డిసెంబరులో ఒక చట్టం వచ్చింది. ఇంటర్నెట్‌కు ప్రభుత్వ రాయితీ కావాలంటే బడులూ గ్రంథాలయాలూ అశ్లీల చిత్రాలను వడకట్టాలన్నది దాని షరతు. 2002లో కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ అక్కడి వడపోత ప్రోగ్రాములను పరీక్షించింది. బిగింపు బాగా తక్కువగా వున్నప్పుడు అవి అశ్లీల పుటల్లో 87 శాతం ఆపాయి. ఆరోగ్య విషయాల పుటల్లో 1.4 శాతం పొరపాటున ఆగాయి. పూర్తిగా బిగిస్తే అశ్లీల పుటలు 91 శాతం ఆగాయి. మరి ఆరోగ్య పుటలు? ఏకంగా 24 శాతం! చూశారా, చెడులో అదనంగా నాలుగు శాతం ఆపడానికి, నూటికి ఇరవై రెండుకు పైగా మంచి పుటలను పోగొట్టుకోవలసి వచ్చింది. పొట్టు పడకూడదని మరీ సన్నజల్లెడ పడితే మంచి పిండి కూడా పైనే మిగిలిపోతుంది.

ఆనాటికీ ఈనాటికీ ఒక తేడా వుంది. ఇప్పుడు చాలా పుటలు రహస్య లిపిలో ప్రయాణిస్తాయి, అంటించిన కవరులో ఉత్తరం లాగా. కవరు మీద సైటు పేరు సాధారణంగా కాపలావాడికి కనిపిస్తుంది. లోపల ఏ పుట వుందో, ఏ మాటలున్నాయో కనిపించదు. కొన్నిచోట్ల బడి కంప్యూటర్లలో బడివారి సొంత ముద్ర ఒకటి ముందే అమర్చుతారు. దాని సాయంతో గుమ్మంలో కవరు విప్పి, చదివి, మళ్ళీ అంటించి పంపవచ్చు. అప్పుడు మీ ఉత్తరాలే కాదు, పాస్‌వర్డులు కూడా ఆ యంత్రం చదవగలదు. అలాంటిది అమర్చారో లేదో విద్యార్థులకు ముందే చెప్పడం న్యాయం అని నా అభిప్రాయం.

ఇంతకూ మీ కాన్సరు వ్యాసం? ఫైర్‌వాల్‌లో నిషేధాల జాబితాతో పాటు అనుమతుల జాబితా కూడా వుంటుంది. ఆగిపోయిన సైటు పేరు కాగితం మీద రాసి టీచరుకివ్వండి. దాన్ని ఆ రెండో జాబితాలో చేర్చడం రెండు నిమిషాల పని.