గడువు దాటిన అర్జీ

1871లో డాక్టర్ కింగ్ బొగ్గును కనుగొన్న మన ఇల్లందులో ప్రమాదం, ఆస్పత్రి, బీమా అన్న మాటలు వినని ఇల్లు అరుదు. వైద్యబీమా సంస్థ ఖర్చు చెల్లించ నిరాకరిస్తే, ముందుగా ఆ సంస్థకే లిఖితపూర్వకంగా మొరపెట్టుకోవాలి. అదీ తిరస్కృతమైతే ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆ మీయాదు (ఉర్దూ విద్యార్థులకు ఈ మాట కొత్త కాదు) దాటగానే మనవారు కాగితాలు మడిచి పెట్టెలో పెట్టేస్తారు. ఇది తొందరపాటు. 2017 నాటి నిబంధనల ప్రకారం, సంస్థ అభ్యంతరాలను తెలుసుకొని, కారణాలు నమోదు చేసి, అంబుడ్స్‌మన్ ఆలస్యాన్ని మన్నించవచ్చు.

మన్నింపదగిన కారణాలేవి? వాటికి పట్టిక లేదు. న్యాయస్థానాలకు వర్తించే 1963 కాలపరిమితి చట్టం 5వ సెక్షను సైతం 'తగిన కారణం' అని మాత్రమే అంటుంది. తీవ్రమైన జబ్బు, ఇంట మరణం, తిరస్కారపత్రం ఆలస్యంగా అందడం వంటివి వినదగినవి. వానాకాలంలో వాగులు పొంగితే గుండాల వైపు అడవిపల్లెలకు ఉత్తరం చేరడమే కష్టం. 'తెలియదు' అన్న ఒక్కమాట మాత్రం సాధారణంగా చాలదు.

రేవా కోల్‌ఫీల్డ్స్ కేసులో అనారోగ్యంవల్ల అప్పీలు ఒక్కరోజు ఆలస్యమైంది. గడువున్నన్నాళ్లూ ఏమి చేశావని అడగరాదనీ, గడువు ముగిసిన తరువాతి జాప్యానికి సంజాయిషీ చూపాలనీ సుప్రీంకోర్టు 1961లో చెప్పింది. కనుక మనం ఆ రోజులకే లెక్క చూపాలి: డిశ్చార్జి చీటీ, మరణ ధ్రువపత్రం, తపాలాముద్ర గల కవరు. చాలామంది ఉత్తరాన్ని దాచి, కవరును పొయ్యిలో వేస్తారు. తేదీ ఉండేది దాని మీదనే.