నీళ్లకు నెట్టుడు కావాలె

కాళేశ్వరంలో పుట్టి పెరిగిన పిల్లలకు నీటి దారి గురించిన ప్రశ్న చిన్నప్పుడే మొదలవుతుంది. గుళ్లో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు: కాళేశ్వరుడు, ముక్తీశ్వరుడు. ముక్తీశ్వరుడి లింగానికి ముక్కు రంధ్రాల్లాంటి రెండు బిలాలు. వాటిలో ఎన్ని బిందెల నీళ్లు పోసినా పైకి రావని, లోపలి దారిన పోయి గోదావరి, ప్రాణహిత కలిసేచోట కలుస్తాయని మన పెద్దల నమ్మకం. అభిషేకం చూసిన ప్రతి పిల్లా "ఈ నీళ్లు ఎటు పోతున్నయి?" అని అడుగుతుంది. మా మనవరాలు మొన్న అడిగింది దానికి ఎదురు ప్రశ్న. రావాల్సిన నీళ్లు ఎందుకు వస్తలేవని.

2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలకు ఇంటినిండా చుట్టాలు. బోళ్లు తోమి తోమి కోడలి నడుము పట్టేసింది. ఆ తర్వాత కొన్నారు డిష్‌వాషర్. కొన్నాళ్లు బాగానే నడిచింది. మొన్న మనవరాలు వచ్చి, "తాతా, మిషన్ గుర్రుమంటున్నది గాని నీళ్లు తీసుకుంటలేదు. తెర మీద నల్లా బొమ్మ వెలుగుతున్నది" అంది. మెకానిక్ రావాలంటే భూపాలపల్లి నుంచో వరంగల్ నుంచో రావాలె. ఈలోగా మనం చూసుకోగలిగింది చాలా ఉంది బిడ్డా, కూర్చో.

ముందు చెవి పెట్టి విను. మీట నొక్కగానే ఈ మిషన్ నీళ్లు తీసుకోదు. అడుగున మిగిలిన పాత నీళ్లను ముందు బయటికి తోసేస్తుంది. నువ్వు విన్న గుర్రు ఆ పారబోసే పంపుది. అది ఆగినాక లోపల టక్కుమని చిన్న చప్పుడు, ఆ వెంటనే సర్రుమని నీళ్లు దూకే చప్పుడు రావాలె. టక్కుమని సన్నగా జుమ్మంటూ ఉండి నీళ్ల చప్పుడు లేకపోతే, కరెంటు అందుతున్నది, నీళ్లు అందుతలేవు. ఏ చప్పుడూ లేకపోతే నీళ్లను వదిలే వాల్వ్‌కు కరెంటే అందుతలేదేమో. ఈ రెండింటి దారులు వేరు. సగం పని చెవితోనే అయిపోతుంది. ఇంకో మాట. మధ్యలో తలుపు తీసి "నీళ్లే లేవు" అనుకోవద్దు. ఒక్కో విడతకు అది తీసుకునేది నాలుగైదు లీటర్లకు మించదు. ఆ నీళ్లు జాలి కింది గుంటలో, దాని చుట్టూ ఉంటాయి. బకెట్ నిండినట్టు కనిపించవు.

మన మిషన్ జుమ్మంటున్నది. అంటే నీళ్ల వైపు వెతకాలె.

నీళ్లు తమంతట తాము రావు బిడ్డా, ఏదో ఒకటి నెట్టాలె. ఇంట్లో ఆ నెట్టుడు ట్యాంకి ఎత్తు నుంచి వస్తుంది. మిషన్ వెనక అంటించిన చీటీ మీద నీటి పీడనం అని ఒక అంకె ఉంటుంది. కొన్నింటికి కనీసం 0.3 బార్, కొన్నింటికి 0.5 బార్. కొన్నిటి మీద మెగాపాస్కల్‌లో 0.03, 0.05 అని రాస్తారు. రెండూ ఒకటే లెక్క. ఆ పాస్కల్ అన్న పేరు 17వ శతాబ్దపు ఫ్రెంచి మేధావి బ్లేజ్ పాస్కల్‌ది. పది మీటర్ల ఎత్తున్న నీటి స్తంభం అడుగున ఉండే నెట్టుడు దాదాపు ఒక బార్. మీటరుకు పదో వంతు. ఇంతే సూత్రం.

ఈ సూత్రం ఎంత పెద్దదో మన ఊరివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మన పక్కనే మేడిగడ్డ బరాజ్. అక్కడ నీరు నిండుగా నిలిస్తే మట్టం సముద్రమట్టానికి 100 మీటర్లు. ఎగువన అన్నారంలో 119, సుందిళ్లలో 130, ఎల్లంపల్లిలో 148. గోదావరి ఎల్లంపల్లి నుంచి మనవైపు దిగి వస్తుంది, ఎవరూ తోయకుండానే. అదే నీటిని వెనక్కి ఎక్కించాలంటే 48 మీటర్లు, మెట్టు మెట్టుగా. దాని మొదటి మెట్టుగానే కన్నెపల్లిలో ఒక్కొక్కటి 40 మెగావాట్ల పంపులు పెట్టారు, 2019 జూన్ 21న కాళేశ్వరం ఎత్తిపోతల ప్రాజెక్టును ప్రారంభించారు. దిగేటప్పుడు నది ఊరికే ఇచ్చే నెట్టుడును ఎక్కేటప్పుడు కరెంటుతో కొనాలె. పంపు ఎంత పెద్దదైనా, దాని ముందు నది మట్టం ఒక హద్దు కన్నా కిందికి పోతే అది నీటిని అందుకోలేదు. మన వంటింటి నల్లాదీ అదే లెక్క, అంకె మాత్రం చిన్నది.

ఇప్పుడు మన ఇంటి లెక్క చూద్దాం. ట్యాంకి డాబా మీద, చిన్న దిమ్మె మీద ఉంది. మిషన్ నీళ్లు తీసుకునే చోటు వంటింటి నేలకు జానెడు ఎత్తులో. ట్యాంకి అడుగు నుంచి అక్కడికి మూడున్నర మీటర్లు అనుకో. అంటే 0.35 బార్. ట్యాంకి నిండుగా ఉంటే ఇంకో మీటరు కలుస్తుంది, 0.45 అవుతుంది. ఇది నీళ్లు కదలకుండా ఉన్నప్పటి లెక్క. కదలడం మొదలుపెట్టగానే అర అంగుళం పైపులు, మలుపు మలుపుకూ పెట్టిన మోచేతులు, సగమే తెరిచిన వాల్వ్ తలా కొంత తినేస్తాయి. అందుకే కొన్ని ఇళ్లలో పొద్దున నడిచిన మిషన్ సాయంత్రం మొరాయిస్తుంది. పొద్దున ట్యాంకి నిండుగా ఉంటుంది, సాయంత్రానికి అడుగంటుతుంది. నీ మిషన్ ఏ పూట ఆగుతున్నదో రెండు మూడు రోజులు గుర్తుపెట్టుకుంటే మెకానిక్‌కు నువ్వే సగం జవాబు చెప్పొచ్చు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. "ఇంకా పెద్ద ట్యాంకి పెట్టిస్తే సరి" అంటారు. 500 లీటర్లదైనా 2000 లీటర్లదైనా నీటి మట్టం ఒకే ఎత్తులో ఉంటే కింద నెట్టుడు ఒక్కటే. వెడల్పుకు లెక్క లేదు, ఎత్తుకే లెక్క. అందుకే పై అంతస్తులో, ట్యాంకికి సరిగ్గా కిందున్న వంటింట్లో మిషన్ పెట్టినవాళ్లకు కష్టం ఎక్కువ. నీళ్లు వాళ్లకే దగ్గర, నెట్టుడు మాత్రం వాళ్లకే తక్కువ. ట్యాంకిని ఇనుప స్టాండు ఎక్కించాలె, లేదా ట్యాంకి నుంచి మిషన్‌కు విడిగా వెడల్పు పైపు వేయించాలె. అదీ కుదరకపోతే ట్యాంకి తర్వాత చిన్న ప్రెషర్ పంపు పెట్టించాలె. ఆ పంపును ఊరి నల్లా లైనుకు మాత్రం పెట్టొద్దు. లైనులోంచి పీల్చితే ఎక్కడో పగిలిన పైపు చుట్టూ ఉన్న మురుగు కూడా లోపలికి వస్తుంది. పక్కింటి నీళ్లూ నువ్వే గుంజుకున్నట్టవుతుంది. మిషన్ భగీరథ పథకం నీళ్లను చక్కగా శుద్ధిచేసి పంపిస్తే, ఇంటి ముందుకొచ్చినాక మనమే పాడుచేసుకోవడం తప్పు.

ఇంత నెట్టుడు ఎందుకు కావాలె, నల్లా కింద గిన్నె పెడితే సన్నటి ధారకైనా నిండుతుంది కదా అని అడుగుతావు. అడగాల్సిన ప్రశ్నే. మిషన్‌లో నీటిని ఆపి వదిలే వాల్వ్ ఉంటుంది. దాని పనితనం నాకు చాలా ఇష్టం. లోపల గుండ్రటి రబ్బరు పొర. ఆ పొరకు ఒక పక్కన సూదిమొనంత రంధ్రం, నడిమధ్యన ఇంకో రంధ్రం. మధ్య రంధ్రాన్ని ఒక ఇనుప కడ్డీ స్ప్రింగు బలంతో మూసి పెడుతుంది. పైపులోంచి వచ్చిన నీళ్లు పక్క రంధ్రంలోంచి పొర పైకి చేరి, పైనుంచి దాన్ని నొక్కి మూస్తాయి. కింద నీళ్లు తాకే జాగా చిన్నది, పైన పెద్దది. అందుకే మూతే గెలుస్తుంది. కరెంటు రాగానే కడ్డీ చుట్టూ ఉన్న తీగచుట్ట, అంటే కాయిల్, అయస్కాంతమై కడ్డీని పైకి లాగుతుంది. నువ్వు విన్న టక్కు అదే. మధ్య రంధ్రం తెరుచుకుని పొర పైనున్న నీళ్లు జారిపోతాయి. తలుపును అటూ ఇటూ నెడుతున్న ఇద్దరిలో ఒకడు హఠాత్తుగా తప్పుకున్నట్టు, కింది నీళ్లు పొరను ఎత్తి దూసుకొస్తాయి. చూశావా, కాయిల్ తలుపు తీయదు, గడియ మాత్రమే తీస్తుంది. తలుపు తోసేది నీరే. తోసే బలం నీటికి లేకపోతే గడియ తీసి ఏం లాభం?

కాయిల్ బలం కూడా చూడాలె. కడ్డీని లాగే బలం వోల్టేజ్‌తో పాటు సమానంగా తగ్గదు, వోల్టేజ్ వర్గంతో తగ్గుతుంది. 230 ఉండాల్సిన చోట 160 వస్తే బలం సగం కన్నా తక్కువ. సాయంత్రం బల్బులు మసకబారే వేళ మిషన్ నీళ్లు తీసుకోకపోతే ట్యాంకినే అనుమానించకు. మంచి స్టెబిలైజర్ ఒకటి ఉంటే ఆ చిక్కు పోతుంది.

నీటి బలంతో బోళ్లు కడగాలన్న ఆలోచన ఒక ఆడమనిషిది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం షెల్బీవిల్‌లో ఉండే జోసెఫిన్ కాక్రేన్ 1886 డిసెంబరు 28న పేటెంటు పొందింది. గిన్నెలు కదలకుండా తీగ అరల్లో నిలబెట్టి, రుద్దడానికి బదులు నీళ్లను బలంగా చిమ్మింది. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆమె యంత్రాలు పని చేశాయి. మీ అమ్మ ఈ రోజు అరల్లో పళ్లేలు సర్దేది ఆమె చూపిన తీరులోనే.

సరే, లేచి పని మొదలుపెడదాం. ముందు ప్లగ్గు పీకు. నల్లా కట్టేయ్. మిషన్‌కు నీళ్లు తెచ్చే గొట్టం ఎక్కడైనా గోడకు నలిగి మడతపడిందా చూడు. మిషన్‌ను వెనక్కి తోసినప్పుడు ఎక్కువగా జరిగేది అదే. గొట్టం నల్లా వైపు పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఉంటే దాన్ని నీళ్లలో ముంచొద్దు, ఆ గొట్టాన్ని కోయొద్దు. కొన్ని రకాల్లో ఆ డబ్బాలోనే ఇంకో వాల్వ్ ఉంటుంది, గొట్టం లోపల కరెంటు తీగ పోతుంది. నల్లా దగ్గర గొట్టం విప్పి కింద బకెట్ పెట్టి నల్లా పూర్తిగా తిప్పు. పది లీటర్ల బకెట్ నిమిషంలో నిండాలె. నిండకపోతే తప్పు మిషన్‌ది కాదు, పైపుది. నిండితే నెట్టుడు ఉన్నట్టేనని మాత్రం అనుకోకు. నోరు తెరిచిన వెడల్పు నల్లా తక్కువ ఎత్తు నుంచి కూడా బాగానే పోస్తుంది. ట్యాంకి ఎత్తు కొలుచుకోవాల్సిందే.

గొట్టం కలిసే చోట చిటికెన వేలంత చిన్న జాలి ఉంటుంది. పటకారుతో మెల్లగా లాగితే వస్తుంది. మనకు ఈసారి దొరికిన దొంగ అక్కడే ఉన్నాడు: ఎర్రటి సన్న మన్ను, జాలి నిండా. శ్రావణంలో ప్రాణహిత ఎర్రబారి దూకే రోజుల్లో, ఊళ్లో ఎక్కడైనా పైపు పగిలి అతికించినాక, నల్లాలో మొదట వచ్చే నీళ్లు చూడు. అదే మన్ను ట్యాంకి అడుగున పేరుకుంటుంది, ట్యాంకి అడుగంటినప్పుడు పైపులోకి దిగుతుంది. పాత పళ్లకుంచెతో నల్లా కింద కడిగితే పోతుంది. బోరు నీళ్లు వాడే ఇంట్లో మన్నుకు బదులు తెల్లటి గట్టి పొర ఉంటుంది. అది సున్నం. నిమ్మరసంలో గాని వెనిగర్‌లో గాని కాసేపు నానబెడితే బుడగలు వచ్చి కరుగుతుంది. జాలి విసుగ్గా ఉందని తీసిపారేసి నడిపితే, ఆ మన్ను పోయి రబ్బరు పొర రంధ్రాల్లో కూర్చుంటుంది. మధ్య రంధ్రం పూడితే వాల్వ్ తెరుచుకోదు. పక్క రంధ్రం పూడితే మూసుకోదు, అది ఇంకా ప్రమాదం. ఏడాదికోసారి ట్యాంకి కడిగించుకోవడం ఈ జాలికి చేసే అసలు మేలు.

జాలి శుభ్రంగా ఉండి, నెట్టుడు సరిపోయి, అయినా టక్కుమన్న చప్పుడే లేదనుకో. మిషన్ తలుపు గడియ పూర్తిగా పడిందా చూడు. ఆ తర్వాత మిషన్ కింది పళ్లెం. దాంట్లో తేలే చిన్న థర్మాకోల్ బిళ్ల ఒకటి కాపలా ఉంటుంది. లోపల ఎక్కడైనా కారి పళ్లెంలో నీళ్లు చేరితే బిళ్ల తేలి మీట నొక్కుతుంది. మిషన్ నీళ్లు తీసుకోవడం మానేసి, పారబోసే పంపును ఆగకుండా తిప్పుతుంది. 2022 జులై వరదలో కన్నెపల్లి పంపుహౌస్‌లోకి నీళ్లు చొరబడి మోటార్లు మునిగినప్పుడు, నీరు చేరకూడని చోటికి చేరితే ఎంత నష్టమో ఈ ఊరు కళ్లారా చూసింది. కాబట్టి ఆ బిళ్లను అడ్డం పెట్టి మిషన్‌ను బలవంతంగా నడిపించే ఉపాయం ఎవరైనా చెబితే వినకు. ఎక్కడ కారుతున్నదో పట్టుకోవాలె. అది మెకానిక్ పని. వాల్వ్ కాయిల్ చచ్చిందా బతికిందా మీటరు పెట్టి చూడడమూ అతని పనే. మంచి కాయిల్ కొన్ని వేల ఓములు చూపిస్తుంది, తెగిన కాయిల్ ఏమీ చూపించదు. వాల్వ్ మొత్తం మార్చడమే తప్ప దాన్ని విప్పి బాగుచేసుకోవడం కుదరదు.

ఇంకొక్కటి ఉంది. నీళ్లు రాకపోవడం లాగే కనిపిస్తుంది గాని, నిజానికి వచ్చి పోవడం. మురికినీళ్లు పోయే గొట్టాన్ని కొందరు నేల మీది మోరీలో పడేస్తారు. గొట్టం నోరు మిషన్ లోపలి నీటి మట్టం కన్నా కిందికి ఉంటే, పారబోసే పంపు ఒకసారి నీళ్లతో గొట్టాన్ని నింపి ఆగినాక కూడా ఆ ధార తెగదు. గొట్టంలో కిందికి జారే నీళ్లు వెనకున్న నీటిని లాక్కుపోతూనే ఉంటాయి, బయటి గాలి బరువు వెనక నుంచి తోస్తూ ఉంటుంది. ట్యాంకిలో గొట్టం పెట్టి నోటితో పీల్చి నీళ్లు దింపుతామే, అదే సైఫన్. ఒక పక్క మిషన్ నీళ్లు తీసుకుంటుంది, ఇంకో పక్క అవి జారిపోతుంటాయి. చివరికి అది అలసి, నీళ్లు లేవని బొమ్మ వెలిగిస్తుంది. గొట్టాన్ని నేలకు అడుగున్నర పైకి ఎత్తి, సింకు కింద వంకీలా వంచి కట్టు; దాని నోరు కూడా మిషన్ లోపలి నీటి మట్టం కన్నా పైనే ఉండాలె. గొట్టం నోరు మురికినీళ్లలో మునగకుండా, చుట్టూ గాలి ఆడేలా వదులుగా పెట్టు. కట్టేశాక ప్లగ్గు పెట్టి, నల్లా తిప్పి, ఖాళీ మిషన్‌నే అన్నింటికన్నా చిన్న విడతకు పెట్టు. ముందు గుర్రు, తర్వాత టక్కు, ఆ వెంటనే సర్రు వినిపిస్తే అప్పుడు అమ్మను బోళ్లు సర్దమను.