ఇద్దరు దొరల వెనక ఒక్కడే

1962 నాటి జపాన్ సినిమా ‘షినోబి నో మోనో’లో నింజా వీరుడు కాడు, దొరకు చిక్కిన పనివాడు

నింజా అనగానే మన కళ్ల ముందు కదిలే బొమ్మ చాలావరకు హాలీవుడ్ పోతపోసింది. నల్ల ముసుగు, వీపున కత్తి, గోడ మీంచి గోడ మీదికి పల్టీ. వీడియో క్యాసెట్లు అద్దెకు తెచ్చుకుని చూసిన తరానికి అంతకుమించి వివరం అక్కర్లేకపోయింది. ఆ మనిషి ఎవరి కింద పనిచేస్తాడు, కూలి ఎంత, ఇంట్లో ఎవరున్నారు, పని మానేస్తానంటే ఊరుకుంటారా... ఇవన్నీ అడిగిన సినిమా ఒకటుంది. 1962 డిసెంబరులో జపాన్‌లో విడుదలైంది. పేరు ‘షినోబి నో మోనో’, నలుపు తెలుపు. చూడబోయే ముందు కత్తి యుద్ధాలు దండిగా ఉంటాయనుకుంటాం. తీరా చూస్తే కత్తుల కంటే లెక్కలు, బెదిరింపులు, బతిమాలుకోవడాలే ఎక్కువ.

కథాకాలం 16వ శతాబ్దం. ఓదా నొబునాగా అనే సేనాని ఒక్కొక్క రాజ్యాన్నే మింగుతూ జపాన్‌నంతా తన గుప్పిట్లోకి తెచ్చుకుంటున్న రోజులు. 1571లో హియేయి కొండ మీద బౌద్ధ మఠాలను తగలబెట్టించిన మనిషి. అతని దారిలో ఇగా అనే చిన్న సీమ ఉంది. చుట్టూ కొండలు, నడుమ పల్లపు నేల. ఇప్పటి మియె జిల్లాలో ఉంది. గూఢచారులకు, రాత్రిపూట కోటల్లో దూరి నిప్పు పెట్టి వచ్చేవాళ్లకు పేరుపడ్డ చోటు. అక్కడి కుర్రాడు గోయెమోన్. చురుకైనవాడు, విద్యలో అందరికంటే ముందుంటాడు, దొర మాటంటే వేదం. దొర పేరు మొమోచి శాన్‌డాయు. పక్క ఊళ్లో ఇంకో దొర, ఫుజిబయాషి నాగాటో. ఇద్దరికీ పడదు. ఇద్దరి మనుషులకూ అసలే పడదు. నొబునాగాను ముందు ఎవరు చంపుతారా అని రెండు ముఠాలూ పోటీపడి చస్తుంటాయి. చస్తుంటాయి అన్నది ఉత్తినే వాడిన మాట కాదు. పంపినవాడల్లా తిరిగిరాడు.

సినిమా ఆయువుపట్టు ఇక్కడుంది. శాన్‌డాయు, నాగాటో ఇద్దరూ ఒక్కడే. వేషం మార్చి, నడక మార్చి, గొంతు మార్చి ముసలాయన ఒక ఇంట్లో మాయమై ఇంకో ఇంట్లో తేలతాడు. ఇక్కడ వాళ్లను తిడతాడు, అక్కడ వీళ్లను తిడతాడు. ‘అవతలివాళ్లు మీకంటే ముందున్నారు’ అన్న ఒక్క మాటతో రెండు ఊళ్ల కుర్రాళ్లనూ ప్రాణాలకు తెగించేలా ఉసిగొల్పుతాడు. యూనోసుకే ఇతో ఈ పాత్ర వేసిన తీరు చూసి తీరాల్సిందే. పొడుగాటి ముఖం, నెమ్మదైన మాట. కళ్లెర్రజేయడం, మీసం దువ్వడం లాంటివి లేవు. పద్దు పుస్తకం తిరగేస్తున్న షావుకారులా కూచుని మనుషుల చావులు నిర్ణయిస్తుంటాడు. ప్రతినాయకుడంటే అరవాలనుకునే మన నటులకు ఈ సినిమా ఒకసారి చూపించాలి.

ఆ దొర భార్య ఇనోనే. మొగుడు కన్నెత్తి చూడడు. గోయెమోన్‌కూ ఆమెకూ మధ్య సంబంధం మొదలవుతుంది. ఆ తప్పే శాన్‌డాయు చేతిలో పలుపుతాడవుతుంది. ఆమె చనిపోతుంది, గోయెమోన్ పారిపోతాడు, దొర వెతికి పట్టుకుంటాడు. ప్రాణం కావాలంటే దొంగతనాలు చెయ్యి, డబ్బు తెచ్చిపొయ్యి అంటాడు. అలా జపాన్ జానపదంలో గజదొంగగా నిలిచిపోయిన ఇషికావా గోయెమోన్ పుడతాడు. పెద్దలను కొట్టి పేదలకు పెట్టిన దొంగ అని అక్కడి జనం చెప్పుకునే మనిషి ఈ సినిమాలో దొర ఖజానా నింపడానికి దొంగైనవాడు. తర్వాత మాకి అనే అమ్మాయితో కాపురం పెట్టి, అన్నీ వదిలేసి బతుకుదామనుకుంటాడు. వదలనిస్తారా? ఈసారి మాకిని పట్టుకెళ్తారు. ఆమె కావాలంటే నొబునాగాను చంపి రమ్మంటారు.

ఆడవాళ్ల విషయంలో సినిమా అంత గొప్పగా లేదని చెప్పాలి. ఇనోనే వేసిన క్యోకో కిషిదా మామూలు నటి కాదు. రెండేళ్ల తర్వాత ‘వుమన్ ఇన్ ది డ్యూన్స్’లో ఇసుకగోతిలో బతికే స్త్రీగా ప్రపంచమంతా చూసిన నటి ఆవిడే. ఇక్కడ ఆమెను గోయెమోన్ మెడకు ఉచ్చు బిగించడానికి వాడుకుని వదిలేశారు.

మరి ఈ కథ ఎక్కడిది? జపాన్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక ‘అకహతా’ ఆదివారం సంచికలో 1960 నుంచి 62 దాకా సీరియల్‌గా వచ్చిన నవల. రాసింది తొమోయోషి మురయామా. 1920లలో చిత్రకళలో, నాటకరంగంలో కొత్త పోకడలు తెచ్చినవాడు, రాజకీయాల వల్ల జైలుకెళ్లినవాడు. పార్టీ పత్రికలో గూఢచారుల సీరియలా అని మనవాళ్లు ముక్కున వేలేసుకోవచ్చు. 1960లో అమెరికాతో భద్రతా ఒప్పందం వద్దంటూ లక్షల మంది టోక్యో వీధుల్లోకి వచ్చారు. ఒప్పందం మాత్రం ఆగలేదు. కింద ఉన్నవాళ్లు ఒకరితో ఒకరు కొట్టుకుంటుంటే పైన ఉన్నవాడు ఒక్కడే లాభపడే కథ ఆ పత్రిక పాఠకుడికి విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

దర్శకుడు సత్సువో యమమోతోదీ అదే దారి. 1948లో తోహో స్టూడియోలో జరిగిన సమ్మెను విరవడానికి అమెరికా ఆక్రమణ సైన్యం ట్యాంకులు దింపింది, పైన విమానాలు తిప్పింది. ఆ సమ్మెలో కార్మికుల వైపు నిలబడి స్టూడియో వదులుకున్నవాళ్లలో ఆయన ఒకడు. తర్వాత ఏళ్ల తరబడి సొంతంగా చందాలు కూర్చి సినిమాలు తీశాడు. సైనిక శిబిరాల్లో క్రూరత్వం మీద 1952లో ‘వాక్యూమ్ జోన్’ తీశాడు. అలాంటి మనిషిని పిలిచి నింజా సినిమా చేతిలో పెట్టింది దాయెయ్ స్టూడియో. దాని అధిపతి మసాయిచి నగతాకు ఎర్రజెండా అంటే గిట్టదు. అయినా హాలు నిండితే చాలనుకున్నాడు, నిండింది కూడా.

అంతకుముందు జపాన్ తెరమీద నింజా అంటే మాంత్రికుడే. మూకీల కాలంలో జిరాయా అనే వీరుడు పొగలో మాయమై పెద్ద కప్పగా తేలేవాడు. మన విఠలాచార్య చూసి ఉంటే తమ్ముడూ అని కౌగిలించుకునేవాడు. యమమోతో ఆ మంత్రాలన్నీ తీసి పక్కన పెట్టాడు. ఇక్కడ గోడ ఎక్కాలంటే తాడు కావాలి, కొక్కెం కావాలి. వెంటపడ్డవాడిని ఆపాలంటే దారిలో ఇనప ముళ్లు చల్లాలి. గంటల తరబడి కప్పు మీద కదలకుండా పడుకోవాలి.

అన్నిటికంటే పేరుపడ్డ ఘట్టం నొబునాగా పడకగదిది. గోయెమోన్ పైకప్పులో నక్కి ఉంటాడు. కింద నొబునాగా నిద్రపోతుంటాడు. కప్పు సందులోంచి సన్నటి దారం దిగుతుంది. దిగి, దిగి, సరిగ్గా నిద్రపోతున్నవాడి పెదాల దగ్గర ఆగుతుంది. పైనుంచి విషం చుక్క దారం పట్టుకుని జారుతుంది. ఒక చుక్క, ఆగి ఇంకో చుక్క. ఊపిరికి దారం ఊగుతుంది. మాట లేదు. మనం కుర్చీలో కదలడం మానేస్తాం. 1967లో జేమ్స్ బాండ్ సినిమా ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’లో ఇదే ఉపాయం కనిపిస్తుంది. అక్కడ బాండ్ పక్కకు దొర్లి బతికిపోతాడు, పక్కనున్న అమ్మాయి పోతుంది. బాండ్ సినిమాలో అది ఒక గమ్మత్తు. ఇక్కడైతే కప్పు మీద ఉన్నవాడి చెయ్యి వణికితే కిందివాడు మేలుకోవడం ఒక్కటే కాదు, ఇంకోచోట బందీగా ఉన్న అతని భార్యా పోతుంది. అన్నట్టు, విషం లోపలికి దిగినా నొబునాగా చావడు. చరిత్ర ఒప్పుకోదు మరి. 1582లో సొంత సేనాని అకెచి మిత్సుహిదే తిరగబడ్డప్పుడు, క్యోటోలోని హోన్నోజి గుడిలో అతను పోవాల్సి ఉంది.

చరిత్ర మాటకొస్తే నొబునాగా మీద హత్యాయత్నాలు నిజంగా జరిగాయి. 1570లో కొండదారిలో సుగితాని జెంజుబో అనేవాడు తుపాకీతో కాల్చాడు, గురి తప్పింది. మూడేళ్లకు దొరికాడు. మెడదాకా పాతిపెట్టి వెదురు రంపంతో కోయించారు. ఇగా మీద దండయాత్రా నిజమే. 1579లో నొబునాగా కొడుకు నొబుకాత్సు తండ్రికి చెప్పకుండా దండెత్తి, ఇగావాళ్ల చేతిలో చావుదెబ్బ తిని వచ్చాడు. 1581లో తండ్రి నలభైవేలకు పైగా సైన్యాన్ని నాలుగు దిక్కులనుంచీ దింపి ఆ సీమను బూడిద చేశాడు.

మురయామా చరిత్రను వంచింది మాత్రం ఇగా లోపలి కథ విషయంలో. నిజానికి అక్కడ పెద్ద ప్రభువంటూ లేడు. చిన్న చిన్న భూస్వాములు, రైతు యోధులు కూడి మాట్లాడుకుని తమ సీమను తామే ఏలుకున్నారు. పై నింజా, కింది నింజా అంటూ మెట్లు కట్టి చెప్పే పద్ధతి కూడా ఆ కాలంలో అలా లేదంటారు ఇప్పటి పరిశోధకులు. ఆ లెక్కన తన సీమను తాను ఏలుకున్న ఊరికి ఈ సినిమా ఒక క్రూరుడైన దొరను అంటగట్టింది. ఇగావాళ్లకు అన్యాయమే. కానీ ఆ దొర లేకపోతే చూడటానికి మిగిలేది మళ్లీ పల్టీలే.

గోయెమోన్ వేసిన రైజో ఇచికావా కబుకి నాటకరంగం నుంచి వచ్చినవాడు. మొదట్లో ముఖంలో పల్లెటూరి ధీమా ఉంటుంది, పోనుపోను అది ఇంకిపోతుంది. పదిహేనేళ్లలో నూట యాభైకి పైగా సినిమాలు చేసి, 1969లో 37 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయాడు. ఈ వరసలోనే 1966 దాకా ఎనిమిది సినిమాల్లో అతన్ని దింపారు. తెర మీదే కాదు, తెర వెనకా పని తీసుకునేవాళ్లకు కొదవ లేదు.

రెండోది 1963లో వచ్చింది, అదీ యమమోతోదే. మొదటి సినిమాలో గోయెమోన్‌కు దక్కిన కాస్త స్వేచ్ఛ ఎంతకాలం నిలిచిందో ఇందులో తెలుస్తుంది. అతని బిడ్డ పోతాడు, పగ మిగులుతుంది, నొబునాగా పోయాక అతని స్థానంలోకి హిదెయోషి అనే సేనాని వస్తాడు. నింజాను పట్టుకోవడానికి అడుగేస్తే పిట్టలా కూసే చెక్కనేల ఒకటి ఉంటుంది. ఎంత విద్య ఉన్నా ఆ నేల ముందు చెల్లదు. చివరికి కాగుతున్న కాగు. నిజం గోయెమోన్‌నూ 1594లో క్యోటోలో అలాగే కాగులో వేసి చంపారు. జపాన్‌లో కింద మంట పెట్టే ఇనప స్నానపు తొట్టెకు ఈనాటికీ అతని పేరే.

మూడో సినిమాలో అతన్ని ఆ కాగులోంచి తప్పించారు. వేరే మనిషిని చంపారట, ఇతను బతికాడట. దర్శకుడూ మారాడు, కజువో మోరి వచ్చాడు. కాబట్టి మొదటి రెండూ ఒకే సాయంత్రం వరసగా చూడండి, కలిపి మూడున్నర గంటలు కూడా పట్టవు. మూడోది చూడాలా వద్దా అన్నది గోయెమోన్ బతకాలని మీకు ఎంత గట్టిగా ఉందో దాన్నిబట్టి.