స్వల్పకాలపు అప్పు: దాని అసలు ఖరీదు

వాణిజ్యశాస్త్ర తరగతిలో ఒకనాడు "మీ ఇంట తెచ్చిన అప్పుకు వడ్డీ ఎంత?" అని అడిగాను. "రెండు రూపాయలు సార్" అని వెనుక బల్ల నుండి తడుముకోకుండా సమాధానం వచ్చింది. "అనగా సంవత్సరానికి ఎంత శాతం?" అన్నంతనే తరగతి యావత్తూ మౌనం వహించింది. నూటికి నెలకు 2 రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 3 రూపాయలైతే 36. 5 రూపాయలైతే 60. ఈ గుణకారం రాని విద్యార్థి లేడు. ఆ ప్రశ్న వేసుకునే అలవాటే మనకు లేదు.

దంతాలపల్లి, తొర్రూరు, మరిపెడ ప్రాంతాలలో అప్పుకు కూడా ఋతువులున్నాయి. తొలకరికి విత్తనాలు, ఎరువులు కావాలి. అదే నెలలో పిల్లల ఫీజులూ కట్టాలి. పత్తి, మిర్చి అమ్మిన సొమ్ము చేతికందడానికి ఇంకా నెలలు పడుతుంది. ఈ వ్యవధిని ఆశ్రయించియే వడ్డీ వ్యాపారం వర్ధిల్లింది. మన తాతల కాలంలో విత్తనపు గింజలను నాగుకు తెచ్చి, కల్లంలోనే సగం అదనంగా కొలిచి ఇచ్చేవారు. తీర్చలేనివాడు దొర ఇంట భగేలాగా చాకిరీ చేసేవాడు. దీనిని అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వం 1936లో ఒక నిబంధన తెచ్చినా, వెట్టి మాత్రం పోలేదు. దేశమంతటికీ వర్తించే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో గాని రాలేదు.

నేడు నాగు స్థానంలో గిరిగిరి వచ్చింది. దీని లెక్క చూడండి. పదివేల అప్పు అంటారు. 1,500 ముందే పట్టుకొని 8,500 చేతిలో పెడతారు. రోజుకు నూరు రూపాయల చొప్పున నూరు రోజులు కట్టాలి. "పదివేలకు పదిహేను వందలే కదా, పదిహేను శాతమే" అని కూరగాయల బండి పెట్టుకున్నవాడు భావిస్తాడు. కాని అతడు వాడుకొన్నది పదివేలు కాదు, 8,500. అదీ నూరు రోజులూ అతని వద్ద ఉండలేదు, మొదటి రోజు నుండే కరుగుతూ వచ్చింది. సగటున అతని చేతిలో ఉన్నది అందులో సుమారు సగమే. ఆ ప్రకారం సూక్ష్మంగా లెక్కిస్తే సాలుసరి వడ్డీ 120 శాతానికి పైమాటే! చేతికి వచ్చినది ఎంత, అది ఎన్ని రోజులు నిలిచింది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే చాలు, ఏ అప్పు గుట్టయినా బయటపడుతుంది.

గిరిగిరి వ్యాపారి కనీసం ముఖపరిచయం ఉన్నవాడు. సెల్‌ఫోను యాప్ ద్వారా వచ్చే అప్పుకు ముఖమే లేదు. అయిదు వేలు మంజూరని చెప్పి, రుసుముల పేర 1,500 కోసి, 3,500 పంపి, ఏడవ రోజున అయిదు వేలు కట్టుమంటే అది సాలుసరి 2,200 శాతం మించిన వడ్డీ. అమెరికాలో జీతం వచ్చేవరకని ఇచ్చే రెండు వారాల అప్పుకు నూరు డాలర్లకు పదిహేను డాలర్లు వసూలు చేయడం పరిపాటి. అది సుమారు 390 శాతమని అక్కడివారు గగ్గోలు పెడతారు. మన యాప్‌ల ముందు అది దానధర్మమే అనిపిస్తుంది! 2020 డిసెంబరులో ఇటువంటి యాప్‌ల వారి వేధింపులకు తాళలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు పలువురిని అరెస్టు చేశారు. మరుసటి నెలలోనే రిజర్వు బ్యాంకు ఒక అధ్యయన బృందాన్ని నియమించింది. 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు వెలువడ్డాయి.

ఆ నిబంధనల సారాంశం ప్రతి విద్యార్థి ఇంట తెలియవలసినదే. అప్పు సొమ్ము రుణగ్రహీత బ్యాంకు ఖాతాలోనే పడాలి. అన్ని రుసుములనూ కలిపి సాలుసరి శాతం ఎంతో తెలిపే ముఖ్యాంశాల పత్రాన్ని ముందుగా ఇవ్వాలి. అందులో చూపని రుసుమును రుణగ్రహీత సమ్మతి లేకుండా వసూలు చేయరాదు. మనసు మారితే కనీసం ఒక్క రోజు గడువులోగా అసలు, ఆ రోజుల వడ్డీ కట్టి అప్పును విరమించుకోవచ్చు. ఫోనులోని బంధుమిత్రుల నంబర్ల జోలికి, ఫొటోల జోలికి యాప్ పోరాదు. బాకీ వసూలు కొరకు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత ఫోను చేయరాదు. ఇవన్నీ రిజర్వు బ్యాంకు అదుపులోని సంస్థలకు వర్తించేవి. అసలు రిజిస్ట్రేషనే లేని యాప్ ఏ నిబంధననూ లెక్కచేయదు కనుక, అప్పు ఇచ్చే సంస్థ పేరు రిజర్వు బ్యాంకు జాబితాలో ఉన్నదో లేదో చూడటమే మొదటి పని. బెదిరింపులు వస్తే 1930 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఊరి వ్యాపారి విషయానికి వస్తే, తెలంగాణలో లైసెన్సు లేనిదే వడ్డీ వ్యాపారం చేయరాదని 1349 ఫస్లీ నాటి చట్టమే శాసించింది. వడ్డీ మితిమీరిందని తోస్తే ఆ లావాదేవీని తిరగదోడే అధికారాన్ని న్యాయస్థానాలకు 1918 నాటి చట్టం ఇచ్చింది. కాని కోర్టు వరకు వెళ్లే రైతులు ఎందరు? అంతకంటే దగ్గరి ప్రమాదం ఖాళీ ప్రాంసరీ నోటు. స్టాంపు అంటించి సంతకం చేసిన ఖాళీ కాగితాన్ని నింపుకొనే అధికారాన్ని చట్టమే పుచ్చుకొన్నవానికి ఇస్తుంది. వడ్డీ ఎంతో నోటులో రాయకపోతే 18 శాతం లెక్కన వసూలు చేసుకోవచ్చు. ఖాళీ చెక్కు ఇంకా ప్రమాదకరం. అది బ్యాంకులో చెల్లక తిరిగివస్తే రెండేళ్ల వరకు జైలుశిక్ష పడే అవకాశముంది. అప్పు తీర్చిన నాడు నోటును చేతిలోకి తీసుకొని చింపివేసే వరకు అప్పు తీరలేదనే భావించాలి. అక్షరజ్ఞానం లేని తల్లిదండ్రుల పక్కన ఆ ఘడియలో కూర్చోవలసినవాడు కళాశాలలో చదివే కుమారుడే, కుమార్తెయే.

మరి చౌక అప్పు దొరకదా? సకాలంలో తీర్చే రైతుకు మూడు లక్షల లోపు పంటరుణం 4 శాతానికే పడుతుంది. అయితే భూమి తన పేర లేని కౌలు రైతుకు ఆ తలుపు తెరుచుకోవడం కష్టం. స్వయంసహాయక సంఘంలోని తల్లుల పొదుపు, బ్యాంకులో బంగారం తాకట్టు - ఇవీ గిరిగిరి కంటే ఎన్నో రెట్లు మేలు.

మన సంప్రదాయంలో మరొక మార్గం ఉన్నది. వడ్డీ లేకుండా ఇచ్చే అప్పును ఖర్జె హసనా అంటాము. తెలుగువారి చేబదులు కూడా అటువంటిదే. హైదరాబాదులో జన్మించిన పండితుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) హైదరాబాదు సంస్థానంలో నడచిన వడ్డీలేని పరపతి సంఘాల గురించి రాశారు. సభ్యుల చిన్న చిన్న చందాలే వాటి మూలధనం. పరీక్ష ఫీజు గడువు ముంచుకొచ్చినప్పుడు విద్యార్థికి అవసరమయ్యేది వేలల్లోనే; దాని కొరకే నేడు అతడు యాప్ తెరుస్తున్నాడు. స్కాలర్‌షిప్పు వచ్చిన వెంటనే తిరిగి కట్టే షరతుతో, ఇద్దరు తోటి విద్యార్థుల జామీనుపై, కళాశాలలోనే అటువంటి నిధి ఒకటి ఏర్పడితే దానిని నడపడానికి ఒక రిజిస్టరు, ఒక బ్యాంకు ఖాతా, ఒక ఉపాధ్యాయుని పర్యవేక్షణ చాలు. పాలకవర్గం వారు ఈ విషయాన్ని రాబోయే సమావేశంలో చర్చకు పెట్టవలసిందిగా కోరుతున్నాను. లెక్కలు రాసే బాధ్యత వాణిజ్యశాఖ విద్యార్థులది.