తొమ్మిది ఆపరేషన్ల తర్వాత బంగారు పతకం

స్విట్జర్లాండ్ చిన్న దేశం. అక్కడ ఆల్ప్స్ అనే పెద్ద కొండలున్నాయి. చలికాలంలో ఆ కొండల మీద మంచు పేరుకుంటుంది. జనం కాళ్లకు పొడుగాటి పలకలు బిగించుకుని మంచు మీద జారుతారు. ఆ పలకల పేరు స్కీలు.

ఈ ఆటలో డౌన్‌హిల్ అనే పందెం ఉంది. కొండ పైనుంచి ఒక్కొక్కరే కిందికి దూసుకొస్తారు. తక్కువ సమయంలో వచ్చినవాళ్లే గెలుస్తారు. వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది. మనం ఎక్కే పల్లె బస్సు కూడా అంత వేగం పోదు. పట్టు తప్పితే కాళ్లు విరుగుతాయి. ప్రాణానికీ ముప్పే.

డొమినిక్ గిసిన్ ఈ పందెంలో పేరు తెచ్చుకుంది. ఆమె 1985లో పుట్టింది. ఎంగెల్‌బర్గ్ అనే కొండ ఊళ్లో పెరిగింది. ఎన్నోసార్లు పడింది. మోకాళ్లకు 9 ఆపరేషన్లు అయ్యాయి. ఆపరేషన్ అయిన ప్రతిసారీ కాలికి మళ్లీ బలం తెచ్చుకోవాలి. నెలల తరబడి కసరత్తు చేయాలి. ఆమె అలాగే చేసింది. ఆట మానలేదు.

2009లో ఆస్ట్రియాలో ప్రపంచ కప్ పందెం గెలిచింది. స్వీడన్‌కు చెందిన అన్యా పేర్సన్‌తో కలిసి మొదటి స్థానం పంచుకుంది. 2010లో కెనడాలో ఒలింపిక్స్ జరిగాయి. అక్కడ డౌన్‌హిల్‌లో గమ్యం దగ్గర పడిపోయింది. తలకు దెబ్బ తగిలింది.

నాలుగేళ్లు గడిచాయి. 2014 ఫిబ్రవరి 12న రష్యాలోని సోచి ఒలింపిక్స్‌లో మళ్లీ బరిలో దిగింది. 1 నిమిషం 41.57 సెకన్లలో కిందికి వచ్చింది. స్లోవేనియాకు చెందిన టీనా మాజే కూడా సరిగ్గా అంతే సమయంలో వచ్చింది. ఒక సెకనును 100 ముక్కలు చేసి కొలుస్తారు. అయినా ఇద్దరికీ ఒక్క ముక్క తేడా రాలేదు. ఇద్దరికీ బంగారు పతకాలు ఇచ్చారు. ఒలింపిక్స్ మంచు కొండల పందేల్లో ఇలా జరగడం అదే మొదలు.

గెలవగానే డొమినిక్ ఏం చేసిందో తెలుసా? తన అవ్వాతాతలకు ఫోన్ చేసింది. మాట్లాడుతూ ఏడ్చేసింది.

2015లో ఆమె ఆట నుంచి తప్పుకుంది. ఆమెకు చదువన్నా ఇష్టమే. భౌతికశాస్త్రం చదివింది. విమానం నడపడం కూడా నేర్చుకుంది.

చెల్లెలు మిషెల్ అక్క దారిలోనే నడిచింది. 2018లో, 2022లో ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు తెచ్చింది.

ఎనిమిదో ఆపరేషన్ అయ్యాక ఇక చాలనుకుని ఉంటే? డొమినిక్ అలా అనుకోలేదు. మరి మీకు ఇంతకాలం కష్టమనిపించిన పని ఏది? చదివినవాళ్లంతా కూర్చుని మాట్లాడుకోండి.