సర్వర్‌లో రైలొచ్చింది!

రాత్రి రెండింటికి కోకాపేటలో మా బాల్కనీలోంచి చూస్తే ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్లే బండ్ల లైట్లు తప్ప ఏమీ కదలవు. ఆ టైమ్‌లో ఫోన్ మోగిందంటే ఊళ్లో ఎవరికో ఏదో అయి ఉండాలి, లేదా ఆఫీసులో సర్వర్‌కి జబ్బు చేసి ఉండాలి. ఆ రోజు రెండోది. ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

డిస్క్ నిండిపోయింది. కళ్లు నులుముకుంటూ లాగిన్ అయ్యి, ఫైళ్ల జాబితా కోసం ‘ఎల్‌ఎస్’ కొట్టబోయి ‘ఎస్‌ఎల్’ అని కొట్టాను. అంతే! నల్లటి తెర మీద కుడి నుంచి ఎడమకి పొగలు కక్కుతూ రైలింజన్ బయల్దేరింది. కంట్రోల్-సి నొక్కినా ఆగదు. హ్యాక్ అయిందనుకుని టీమ్ లీడ్‌కి ఫోన్ కొట్టాను.

“అన్నా, సర్వర్‌లో రైలొస్తోంది!”

అవతల నిద్రమత్తులోనే నవ్వు. “భయపడకమ్మా. దాన్ని వెళ్లిపోనీ. ఈలోపు మంచినీళ్లు తాగు. తర్వాత ఒక్కో అక్షరం చూసుకుని కొట్టు.”

ఆ రైలుని అక్కడ పెట్టింది ఆయనేనట, నాలాంటి తొందర మనుషుల కోసం. రాసింది మాత్రం జపాన్‌కి చెందిన టొయోడా మసాషి, 1993లో. ఎస్‌ఎల్ అంటే స్టీమ్ లోకోమోటివ్. పక్కన ‘-ఎ’ చేరిస్తే రైల్లో జనం కాపాడమని కేకలు పెడతారు. పెద్ద ‘ఎఫ్’ చేరిస్తే రైలు గాల్లోకి ఎగురుతుంది!

ఆ పదకొండు రోజులేవీ?

డిస్క్ ఖాళీ చేశాక అన్న ఇంకోటి కొట్టమన్నాడు: ‘క్యాల్ 9 1752’. ఆ ఏడాది సెప్టెంబర్ క్యాలెండర్ వచ్చింది. బుధవారం 2, గురువారం 14! మధ్యలో పదకొండు రోజులు గల్లంతు. బగ్ కాదు. పాత జూలియన్ క్యాలెండర్ నుంచి గ్రెగోరియన్‌కి మారుతూ బ్రిటన్ ఆ రోజుల్ని చట్టం చేసి మరీ తీసేసింది. అప్పట్లో అమెరికా వాళ్ల వలసే కాబట్టి, అక్కడ పుట్టిన యునిక్స్‌కీ అదే లెక్క వచ్చింది. లినక్స్‌లోనూ అదే నడుస్తోంది.

మరి మన దగ్గర? విశాఖలో ఈస్టిండియా కంపెనీ ఉండేది, వాళ్లకి లండన్ లెక్క. అప్పుడు మచిలీపట్నం ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది. ఫ్రాన్స్ 1582లోనే మారిపోయింది కాబట్టి వాళ్లకి ఒక్క రోజూ పోలేదు. సలాబత్ జంగ్ ఏలుతున్న హైదరాబాద్‌లో హిజ్రీ లెక్క. మన పంచాంగంలో ఒక్క తిథీ తప్పలేదు!

పన్నెండున్నర పాట

సహాయ పుస్తకాల్ని చూపించే ‘మ్యాన్’ కమాండ్‌ది ఇంకో కథ. అర్ధరాత్రి దాటాక మ్యాన్ కావాలంటూ ఆబా బృందం పాట ఒకటుంది. ఆ సరదాతో, 2011లో ఈ కమాండ్‌లో ఒక చిలిపి పని దాచారు. సరిగ్గా రాత్రి 12:30కి నడిపితే ‘గిమ్మీ గిమ్మీ గిమ్మీ’ అనేది. రోజంతా పాసయ్యే టెస్టులు ఆ టైమ్‌కే ఎందుకు ఫెయిలవుతున్నాయని ఓ ఇంజినీర్ కూపీ లాగితే 2017లో గుట్టు రట్టయింది. పాపం, తీసేశారు.

మళ్లీ ఆ ఫోన్

మా లీడ్ అన్న ఇప్పుడు మాతో లేడు. ఒక సోమవారం పొద్దున ‘ఖర్చుల తగ్గింపు’ మెయిల్ వచ్చింది, మధ్యాహ్నానికి ఆయన లాగిన్ ఆగిపోయింది. ఇప్పుడు సగం కమాండ్లు ఏఐ రాస్తోంది. దానికి నిద్రమత్తుండదు, ఎల్‌ఎస్‌ని తిరగేసి కొట్టదు. రైలొచ్చే అవకాశమే లేదు.

మొన్న పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్ జాబితా నేనే రాశాను. చివర్లో ‘ఎస్‌ఎల్’ చేర్చాను. “ఇదెందుకు?” అని మేనేజర్ అడిగితే, “కొత్తగా చేరే పిల్లల కోసం” అన్నాను.

పోయిన వారం రాత్రి ఒంటిగంటన్నరకి ఫోన్. ఫ్రెషర్ గొంతు వణుకుతోంది.

“అక్కా, సర్వర్‌లో రైలొచ్చింది!”

“భయపడకు. మంచినీళ్లు తాగు” అన్నాను.

ఆ సంగతి అన్నకి మెసేజ్ పెట్టాను. తెల్లారేసరికి జవాబొచ్చింది. మాటల్లేవు, ఒక రైలింజన్ బొమ్మ.